పిలిచినప్పుడల్లా గుప్పెడు

లోకంలోని గుర్రాలన్నీ ఒకచోట చేరి తమకో రాజుని ఎన్నుకుంటే, మా తాతకి పోటీగా నిలబడే ధైర్యం గుర్రాల్లో కూడా దేనికీ ఉండదు. ఏనుగంత బండిగుర్రం సైతం ఆయన దగ్గితే నాలుగు కాళ్లూ సర్దుకుని నిలబడేది. సరుకుల గోదాములో నలభై ఏళ్లు గుర్రాల కొట్టం చూసుకున్న మనిషి మరి. అలాంటివాణ్ణి ఆరు నెలల నాటు గుర్రప్పిల్ల ఒకటి, మనిషి నడుమంత ఎత్తు కూడా లేనిది, మూడు వారాలపాటు బుట్టలో వేసుకుంది.

లారీలు వచ్చి బండ్లు పోయాక కొట్టం ఖాళీ అయింది. దాని చివర గది ఒకటి తాతకి వదిలేశారు. అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ ఆ గది సంతలా ఉండేది. ఆవిడకి చెవుడు. పెళ్లయిన కొత్తలోనే మొదలైందట. దాంతో తాత గొంతు ఏడాదికేడాది పెరిగి, ఉప్పు అందించమని అడిగినా వీధి చివర కుట్టుమిషను షాపులో వినపడేది. ఆవిడ పోయి ఏడాదైంది. ఆ గొంతుకి ఇప్పుడు పని లేదు. ఎవరితో మాట్లాడినా "ఎందుకు అరుస్తావ్ పెద్దాయనా?" అంటారు. చిన్నగా మాట్లాడటం ఆయనకి చేతకాదు. అందుకని మాట్లాడటమే మానుకున్నాడు. రెండు వీధుల అవతల నుంచి అమ్మ రోజూ క్యారేజీ తెచ్చి "ఎలా ఉంది నాన్నా?" అంటే తల ఊపేవాడు. బాగుందని ఊపాడో లేదని ఊపాడో అమ్మకి ఎప్పుడూ తెలిసేది కాదు.

గుర్రప్పిల్లని తెచ్చినవాడు తాత మేనల్లుడు. కొండదారిలో సామాను మోసే పొట్టి గుర్రాలు ఆరున్నాయి అతనికి. పాలు మాన్పించాలంటే తల్లి గొంతు వినపడని చోట ఉంచాలని పిల్లని ఇక్కడికి తోలుకొచ్చాడు.

"రెండు నెలలు చూడు మామయ్యా. కాళ్లు గట్టిపడితే చాలు. కాళ్లు సరిగా లేని గుర్రాన్ని కొండెక్కించలేను, ఊరికే మేపనూ లేను."

"కాళ్ల సంగతి నాకు చెప్తావురా?" అన్నాడు తాత.

ఆ కేకకి పిల్ల అదిరిపడి గోడకి గుద్దుకుంది. తాత గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రోజంతా అది సకిలిస్తూనే ఉంది. తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూడటం, మళ్లీ తిరగడం, మళ్లీ పిలవడం. గడ్డి ముట్టలేదు. తాతకి డెబ్భై ఒకటో ఏట గొంతు తగ్గించడం నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట్లో అది తుప్పుపట్టిన తాళం తిప్పినట్టుండేది.

"మీ అమ్మకి పనుందిరా. రాదు. ఇదిగో, ఇది తిను."

గింజలు కలిపిన తడి తవుడు అరచేతిలో పట్టాడు. మెత్తటి పెదాలు ఆయన వేళ్ల మధ్య వెతికి వెతికి తిన్నాయి. తాత ఆ చెయ్యి చాలాసేపు తుడుచుకోలేదు.

తప్పు అక్కడ మొదలైంది. కొట్టంలో మేకుకి వేలాడే రేకు డబ్బాతో రోజుకి నాలుగు పూటలు దాణా. అది కాక, పిలిచినప్పుడల్లా గుప్పెడు. అది తింటున్నంతసేపూ మెడ మీద చెయ్యేసి, ఏడాదిగా ఎవరికీ చెప్పని మాటలు చెప్పేవాడు. చివరి రోజుల్లో అమ్మమ్మకి ఒక్క ముక్క వినపడకపోయినా తన పెదాలు చూసి నవ్వేదని చెప్పాడు. పిల్ల నములుతూ వినేది. అంత ఓపిగ్గా వినేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు.

"నాన్నా, నువ్వు మాట్లాడుతున్నావ్" అంది అమ్మ ఒకరోజు, గుమ్మంలోనే ఆగిపోయి.

"దాంతో మాట్లాడుతున్నా. నీతో కాదు" అన్నాడు.

మూడో వారానికి పిల్ల ఒళ్లు అద్దంలా మెరిసింది. ఆ తర్వాత ఓ పొద్దున అది లేవడానికి తటపటాయించింది. లేచాక ముందుకాళ్లు మార్చి మార్చి మోపింది. గిట్టల పైన కీళ్లు నిమ్మకాయల్లా ఉబ్బి, తాకితే వెచ్చగా ఉన్నాయి. మేనల్లుడి మాట తాతకి గుర్తొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి పశువుల డాక్టరమ్మని తీసుకొచ్చాడు.

"ఏం పెడుతున్నారు?"

"మంచి దాణా అమ్మా. ఏ లోటూ చెయ్యలేదు."

"ఎంత?"

డబ్బా చూపించాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఏ గుర్రాలది?"

"బండిగుర్రాలది. పిల్ల కదా అని పూటకి సగమే పెడుతున్నా."

"బండిగుర్రం కాళ్లు రెండు కలిపితే దీనంత ఉంటాయి పెద్దాయనా. ఇది నాటుది, గడ్డితో పెరిగే జాతి. గింజలు ఎక్కువైతే ఒళ్లు ముందు పెరుగుతుంది, ఎముక వెనకబడుతుంది."

ఇంతలో పిల్ల సకిలించింది. తాత చెయ్యి దానంతటదే తవుడు బస్తాలోకి వెళ్లింది.

"ఆగండి. ఎందుకు పెడుతున్నారు ఇప్పుడు?"

"తల్లి కోసం ఏడుస్తోందమ్మా. దిగులు."

పిల్ల తలుపుకేసి చూడటం లేదు. బస్తాకేసి చూస్తోంది. డాక్టరమ్మ కాసేపు దాన్నీ, కాసేపు తాతనీ చూసింది.

"అది తల్లి బెంగ ఎప్పుడో మరిచిపోయింది. పిలిస్తే మీరు తెస్తారని నేర్చుకుంది, అంతే."

తాత బస్తాలోంచి చెయ్యి తీసి పంచెకి తుడుచుకున్నాడు. "కాళ్లు తిన్నగా వస్తాయా?"

"ఇప్పుడు ఆపితే వస్తాయి. ఇంకో నెల ఇలాగే పెడితే చెప్పలేను. పొద్దున ఒక్క గుప్పెడు, మందు పొడి కలిపి. మిగతాదంతా గడ్డే. తోడుకి ఇంకో గుర్రాన్ని పెట్టండి. అది పిలిచినా మీరు లోపలికి వెళ్లొద్దు."

మేనల్లుడు ఒంటికన్ను ముసలి గుర్రాన్ని తెచ్చి కట్టాడు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదంటారు మామయ్యా. ఇది సగమే గుడ్డిది, సగం దాణా పెట్టు" అని నవ్వాడు. తాత నవ్వలేదు. జరిగింది దాచకుండా చెప్పాడు. మేనల్లుడు వంగి పిల్ల కాళ్లు తడిమి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఆ రోజు తాత కొట్టం గోడ బయట బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. లోపల పిల్ల పిలిచింది. మళ్లీ పిలిచింది. ఆయన చేతులు రెండూ చంకల్లో బిగించుకుని, ఎదురుగా గోదాము గోడమీది రంగు పెచ్చులు చూస్తూ ఉండిపోయాడు. అమ్మ తెచ్చిన క్యారేజీ అలాగే ఉంది. రెండోరోజూ అంతే. మూడోరోజు మధ్యాహ్నం పిలుపు రాలేదు. ఏమైందోనని లేచి సందులోంచి చూశాడు. ముసలి గుర్రం గడ్డి లాగుతుంటే, పిల్ల దాని మూతి పక్కనే మూతి పెట్టి లాగుతోంది. ముసలిది చెవులు వెనక్కి పెట్టి బెదిరిస్తే రెండడుగులు తగ్గి, మళ్లీ వచ్చింది. ఒకసారి తలెత్తి తాతని చూసింది. నములుతూనే తల దించుకుంది.

ఆయన ఆ సందు దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు.

నెల తిరిగేసరికి కీళ్ల వేడి పోయింది, వాపు తీసింది. డాక్టరమ్మ వచ్చి చూసి ఇక భయం లేదంది. మేనల్లుడు పిల్లని వాకిట్లో నడిపించి, ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. నాలుగు గిట్టలూ తిన్నగా పడ్డాయి. "వచ్చే వారం తోలుకుపోతా మామయ్యా" అన్నాడు. తాత సరేనన్నాడు. ఆయన గొంతు మాత్రం చిన్నగానే ఉండిపోయింది. అమ్మ ఇప్పుడు ప్రతి మాటకీ "ఏంటి నాన్నా?" అని రెండుసార్లు అడుగుతోంది.

నిన్న ఆయన కొట్టం ఊడుస్తుంటే అడిగాను: "తాతా, అన్ని గుప్పెళ్లు పెట్టావ్. అదిప్పుడు నిన్ను ఒక్కసారి కూడా పిలవట్లేదు. ఏమనిపిస్తోంది?"

"పిలవకుండా తినాలనే గదా ఆ మూడు రోజులు నేను బయట కూర్చుంది. నువ్వు గడ్డి మీద కూర్చున్నావ్. లే."