ఊపిరి తీసుకునే చోట

రాజోలు నుంచి అమలాపురం వెళ్లే బస్సులో ముగ్గురు కూర్చునే సీటు. నా పక్కన అరవై దాటిన దంపతులు. ఆయన ఒళ్లో శాక్సాఫోన్ పెట్టె, ఆవిడ కాళ్ల దగ్గర కీబోర్డు సంచి. పెళ్లి బ్యాండా అని అడిగాను.

"జాజ్ అండి," అన్నారాయన. మస్కట్‌లో ఒక హోటల్లో పనిచేసినప్పుడు నేర్చుకున్నారట. చర్చిలో కీర్తనలు వాయించే భార్యకి తనే నేర్పారట. "ఇందులో ముందే అనుకున్నది కొంచెమేనండి. మిగతాదంతా అప్పటికప్పుడే. ఒకరు వాయిస్తుంటే రెండోవారు..."

ఆయాసం వచ్చి ఆగిపోయారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని ఆవిడ మెల్లగా చెప్పారు. "మునుపటిలా ఊదలేరండి. ఆయన ఊపిరి తీసుకునే చోట నేను అందుకుంటాను. వినేవాళ్లకి తెలీదు."

"రెండోవారు జవాబు వాయించాలి, అంతేనా అండీ?" అంటూ ఆయన మాట నేను పూర్తి చేయబోయాను. ఆవిడ నా వైపు అరచెయ్యి చూపించారు.

"ఆగండి బాబూ. ఆయనే చెబుతారు."

ఆగాం. బస్సు వైనతేయ నది మీద వంతెన దాటింది.

"రెండోవారు వినాలండి," అన్నారాయన చివరికి. "ముప్పై ఏళ్లు నేనే ఊదేసేను. ఈవిడకి సందే ఇవ్వలేదు. ఊపిరి తగ్గేకే ఈవిడ వాయించేది విన్నాను."

ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయారు. ఆ మాట ఆవిడ కూడా అప్పుడే మొదటిసారి విన్నట్టుంది.

ఆ సాయంత్రం మా ఆవిడ ఏదో చెబుతూ మధ్యలో ఆగింది. ఎప్పటిలా నేను అందుకోలేదు. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టి చాలాసేపు చెప్పింది. పెళ్లయి పన్నెండేళ్లయినా అందులో సగం సంగతులు నాకు అప్పటిదాకా తెలియవు.