స్టార్ట్ కాకూడదని ప్రార్థిస్తే

మా ఆయన చిన్నప్పటి నుంచి ఆశపడ్డ టాపు తీసే పాతకాలపు కారు బాపట్లలో అమ్మకానికి ఉందని తెలిసి, ఈ రోజు తెనాలి నుంచి ఇద్దరం వెళ్లాం. దాని విడి సామాను ఎక్కడా దొరకదట. అది కొనడం నాకిష్టం లేదు. వద్దని చెప్పే ధైర్యం లేక, అమ్మేవాళ్ల గేటు దగ్గరే కళ్లు మూసుకుని, "ప్రభువా, ఇది నీ చిత్తం కాకపోతే ఆ కారు స్టార్ట్ కాకూడదు" అని ప్రార్థించాను.

తాళం తిప్పగానే స్టార్ట్ అయింది.

కారు అమ్మే పెద్దాయన నవ్వి, "స్టార్ట్ అవడానికి ఎప్పుడూ పేచీ లేదమ్మా. ఆగడానికే కాస్త కష్టం. బ్రేకు సామాను దొరకట్లేదు" అన్నారు.

"నిజాంపట్నంలో బోటు ఇంజన్లు బాగుచేసే మేస్త్రీ ఉన్నాడు, చేసిస్తాడులెండి" అన్నారు మా ఆయన.

"ఏమండీ, బోట్లకి బ్రేకులుంటాయా?" అని అడిగాను. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

తిరిగి వస్తుంటే బస్సులో మా ఆయన, "నువ్వు సరే అంటేనే కొంటాను. ప్రార్థన చేసుకుని చెప్పు" అన్నారు.

చేసేశానని ఎలా చెప్పను? చెబితే కారు రేపే ఇంటికొస్తుంది. దాచితే ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి ఏ ముఖంతో వెళ్లను? మీరైతే ఏం చేస్తారండి?