కళ్ళు మూసుకుని నడిచిన మేస్త్రి

రాళ్ళ మేస్త్రి పని సగంలో వదిలేసి పారిపోయాడని మా ఊరంతా చెబుతుంది. శుద్ధ అబద్ధం. మా గేటు దగ్గర నిలబడి అంతా చూసినదాన్ని నేను.

మా ఊరి మీదుగా గుంటూరు వెళ్ళే రోడ్డు మీద తారు నిలవడం లేదని, చీమకుర్తి రాతి దిమ్మలు పరిచే పని పెట్టారు. మేస్త్రి ఒక్కో వరుస పేర్చాక చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని దానిమీద నడిచేవాడు. కాలి కింద ఒక్క రాయి కదిలినా పీకి, ఇసుక సర్ది, మళ్ళీ పెట్టేవాడు.

"ఏం మేస్త్రీ, పెళ్ళినడకలా? సందుల్లో సిమెంటు పోసి కానియ్" అన్నాడు కాంట్రాక్టరు.

"పొయ్యనండి. వానకి నల్లరేగడి ఉబ్బుద్ది. సందుల్లో ఇసకుంటే రాళ్ళు సర్దుకుంటాయి. సిమెంటైతే రోడ్డే పగులుద్ది."

"అయితే రేపట్నుంచి నీకు పన్లేదు."

ఆయన గునపం భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మిగతా సగం సిమెంటుతో పూర్తిచేశారు. మొదటి వానాకాలానికే అది ఉబ్బి పగిలింది. ఆయన పరిచిన సగం మీద మిరపకాయల లారీలు ఇవాళ్టికీ కుదుపు లేకుండా పోతున్నాయి.

ప్రతిదానికీ వాదన పెట్టుకునే నేను ఆ రోజు మాత్రం నోరు మెదపలేదు. నేను అడ్డుపడి ఉంటే ఆయన్ని పనిలో ఉంచేవాళ్ళా?