శ్రీనన్న ఫ్లాపీలో నా తాళంచెవి

చంద్రపూర్‌కి ఇంటర్నెట్ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆదివారం పొద్దున ఏడెనిమిది మందిమి శ్రీనన్న కంప్యూటర్ సెంటర్లో చేరేవాళ్లం. డబ్బు కట్టనక్కర్లేని లినక్స్ ఎక్కించుకోవడం, ఈమెయిల్‌ని వేరేవాళ్లు చదవకుండా దానికి తాళం వేయడం ఆయనే నేర్పాడు. ఆ తాళం తీసే ఫైళ్లు, అంటే మా తాళంచెవులూ, వాటి పాస్‌వర్డులూ ఆయనే తయారుచేసి ఇచ్చాడు. మా ఉత్తరాలు వచ్చేదీ ఆ సెంటర్ కంప్యూటర్‌కే.

ఒక ఆదివారం కొత్తవాళ్ల కోసం, నాకు వచ్చిన ఉత్తరం తెర మీద పెట్టాడు. "తాళమేసిన ఉత్తరం ఎట్ల తెరుచుకుంటదో చూడుండ్రి" అంటూ నన్నడక్కుండానే తెరిచి, పైకి చదివాడు. బల్లార్‌పూర్ నుంచి అక్క రాసింది: 'నాన్నకు ఎడమ కన్ను కనబడట్లేదు. ఆపరేషన్ అయ్యేదాకా గనిలో ఎవరికీ తెలియనివ్వకు, తెలిస్తే పనిలోంచి తీసేస్తారు.'

నాన్న పనిచేసే గనిలో గుమాస్తా నా పక్క కుర్చీలోనే ఉన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నా తాళంచెవి నీ దగ్గరెందుకున్నది అన్నా?" అన్నాను.

"అందరి తాళంచెవులు, పాస్‌వర్డులు ఈ ఫ్లాపీల దాచిన. మీరు మర్చిపోతే అక్కరకొస్తయి గదా."

ఫ్లాపీ లాక్కుని అక్కడే రెండు ముక్కలు చేశాను. ఒక్కరూ ఆయన్ని తప్పు పట్టలేదు. "మంచికే చేసిండు గదా అక్కా, పోనీయి" అన్నారు. సాయం చేసినవాణ్ని ఏమీ అనకూడదనే ఆ మర్యాద మీద నాకు ఇప్పటికీ కోపమే.

మూడో రోజు నాన్నను గని ఆఫీసుకు పిలిచారు.

తర్వాతి ఆదివారం ఇద్దరు నా మీదికి వచ్చారు. పాస్‌వర్డులు మర్చిపోయారట, ఫ్లాపీ ఎందుకు విరిచావని అడిగారు. నాన్న కన్ను ఎట్లా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు.