అక్క నేర్చుకున్న నడక

అక్కకి నోటీసు వచ్చిన రోజున ఫోన్ చేసి, ఏదో కాగితం వచ్చిందని, తీరిగ్గా వచ్చినప్పుడు చూద్దువుగానిలే అని చెప్పింది. మా అక్క అంతే. కొంప అంటుకున్నా ఎదుటివాళ్ల తీరిక చూసి చెబుతుంది. ఆదివారం గుడివాడ నుంచి బందరు వెళ్లి ఆ కాగితం చదివాను. కొత్తగా చేసిన వైద్య పరీక్షలో ఆమె వైకల్యం నలభై శాతానికి తక్కువని తేలిందట. అందుకని పింఛను ఆపేస్తున్నారు, అభ్యంతరముంటే అప్పీలు చేసుకోవచ్చు.

మూడో ఏట పోలియో వచ్చి సన్నబడిపోయిన ఎడమకాలు యాభై దాటాక ఎలా బాగుపడిందో నాకు అర్థం కాలేదు. గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. పరీక్షకి ఇస్త్రీ చేసిన పెడన చీర కట్టుకుని వెళ్లిందట. డాక్టరుగారు నడవమంటే చక్కగా నడిచి చూపించిందట. ఇబ్బందులేమైనా ఉన్నాయా అని అడిగితే, "పర్లేదండీ, నా పనులు నేను చేసుకుంటానండీ," అందట.

నాకు ఒళ్లు మండింది. అడగందే అమ్మయినా పెట్టదు, నువ్వు వెళ్లింది పెళ్లిచూపులకా అన్నాను. అనకూడని మాట. ఆ నడక మా అమ్మ పెళ్లిచూపుల కోసమే నేర్పింది. పైటచెంగు చాటున చేత్తో తొడని నొక్కిపట్టి చిన్న చిన్న అడుగులేస్తే కుంటడం పెద్దగా కనబడదు. పెళ్లి కుదరలేదు గానీ నడక మిగిలింది.

ఆ పింఛను, కుట్టుపని కలిస్తేనే ఆమె ఒంటిగది బతుకు గడుస్తుంది. పింఛను ఆగితే గది ఖాళీ చేసి గుడివాడలో మా ఇంటికి రావాలి. మా ఇంట్లో నీకేం లోటని అడిగాను.

"ఒకళ్ల వంటింట్లో ఓ మూల కూర్చోలేనే," అంది.

అప్పీలు పెట్టాం. మళ్లీ పరీక్షకి తేదీ ఇచ్చారు. పాత సర్టిఫికెట్లూ ఎక్స్‌రేలూ ఫైల్లో సర్దడం గంట పని. మనిషిని సిద్ధం చెయ్యడమే కష్టమైంది. వారం సెలవు పెట్టి ఆమె దగ్గరే ఉన్నాను. నేను డాక్టర్నై ఎంత దూరం నడవగలవమ్మా అని అడుగుతాను, ఆమె "నడవలేనండీ" అనాలి. ఆ మాట ఆమె నోట రాదే! సాయంత్రం అనమంటే తథాస్తు దేవతలు తిరిగే వేళంటుంది. పొద్దున్నే అనమంటే ఎవరైనా వింటారంటుంది. దేవతలకి నీ కాలు తప్ప వేరే పని లేదా అని ఎగతాళి చేశాను. మూడో రోజుకి లొంగింది. చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పించినట్టు పదేసిసార్లు చెప్పించాను. చెబుతున్నకొద్దీ ఆమె ముఖం పాలిపోయింది. నాకూ ఎందుకో భయమేసింది, కానీ ఆపలేదు.

పరీక్షకి ముందు రోజు మధ్యాహ్నం నడక మొదలుపెట్టాం. తొడ మీద చెయ్యి తీసేసి, తలుపు దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా రమ్మన్నాను. రెండో అడుగుకే కూలబడిపోయింది. మరీ అంత ఎక్కువ చేస్తే డాక్టర్లకి అనుమానం వస్తుందని విసుక్కున్నాను.

అక్క నేల మీద నుంచే నా వంక చూసింది. "ఇది నటన కాదే. ఇన్నేళ్లూ చేసింది నటన."

లేపబోతే బరువంతా నా మీద పడింది. మేమంతా మంచికాలు అనుకునే కుడికాలు గడగడా వణుకుతోంది. ఎప్పటినుంచి అని అడిగాను. రెండేళ్లయిందంది. మిషను తొక్కే కాలు అదే. పూటకి ఒక జాకెట్టు కూడా కుట్టలేకపోతున్నానని, చెబితే నువ్వు గుడివాడ తీసుకుపోతావని దాచానని నెమ్మదిగా చెప్పింది.

"రేపు ఇది కూడా చెప్పాలా?" అని అడిగింది.

చెప్పాలన్నాను. రెండు కాళ్లూ అంటే శాతం పెరుగుతుంది, పింఛను నిలుస్తుంది. అది తట్టగానే నాకు నిజంగా సంతోషం వేసింది. అమ్మయ్య అని పైకే అన్నాను కూడా. ఆ కాలు కూడా పోతే పింఛను ఉన్నా ఆ గదిలో ఒక్కతే ఉండలేదన్న సంగతి ఆ తర్వాత గానీ నా బుర్రకెక్కలేదు. అక్కకి అది రెండేళ్ల నుంచీ తెలుసు.