రాన్ దేవత వల

విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డు పాలెంలో బడిపంతులుగా చేరేనాటికి మాల్యాద్రికి ఇరవై నాలుగేళ్ళు. వరి పండించే ఇంట పుట్టినవాడు. చేపల వాసన గిట్టదు. నెల్లూరు నుంచి తెచ్చుకున్న ఇంగ్లీషు పుస్తకాలే అక్కడ అతనికి తోడు.

1961లో పెద్దవాళ్ళకూ చదువు చెప్పమంది సర్కారు. తెప్పలు లాగి, వలలు ఆరేశాక కొందరు బడి పంచలో వచ్చి కూర్చునేవారు. అక్షరాలు దిద్దిస్తే ఆవులించేవారు, కథ చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని వినేవారు. ఆ రుచి మరిగాడు మాల్యాద్రి.

ఒక సాయంత్రం ఉత్తరాన మంచుదేశాల్లో నార్సు జనం పూర్వం నమ్మిన లోకాల కథ ఎత్తుకున్నాడు.

"ఇగ్‌డ్రసిల్ అని ఒక మహావృక్షం. తొమ్మిది లోకాలూ దాన్ని పట్టుకునే ఉంటాయి. పైన దేవతల ఆస్గార్డ్, నడుమ మనుషుల మిడ్‌గార్డ్. దాని చుట్టూ సముద్రం. ఆ సముద్రంలో తన తోక తనే కరుచుకుని భూమిని చుట్టుకున్న పాము."

"మన ఆదిశేషుడు ఆడికి గూడా పోయినాడే!" అన్నాడు ముసలి కామాక్షయ్య. పంచంతా నవ్వింది.

మాల్యాద్రికి ఊపొచ్చింది. "యుద్ధంలో చచ్చినవాడికి ఓడిన్ దేవుడి ఇంట రోజూ విందే. రోగమొచ్చి చచ్చినవాడు హెల్ అనే ఆమె చీకటి లోకానికి పోతాడు. ఆమె కంచం పేరు ఆకలి!"

మళ్ళీ నవ్వులు.

"నీళ్ళల్లో పోయినోళ్ళో, అయివోరా?"

వెనక నుంచి అడిగింది పేరమ్మ. కిందటి కార్తీకంలో తెప్ప తిరగబడి ఆమె మొగుడు చెంగయ్య పోయాడు. శవం దొరకలేదు. ఆ సంగతి మాల్యాద్రికి తెలుసు. తెలిసీ ఆగలేకపోయాడు.

"వాళ్ళని రాన్ అనే సముద్రదేవత వలేసి లాక్కుంటుంది. చేతిలో బంగారముంటే మర్యాద. వట్టి చేతులతో పోతే గుమ్మం బయటే!" అంటూ బిచ్చగాడిలా చెయ్యి చాపి చూపించాడు. అందరూ పడీపడీ నవ్వారు. గుమ్మం మాట పుస్తకంలో లేదు. అతనే కలిపాడు.

మర్నాడు పొద్దున బడి తలుపు తీస్తుంటే పేరమ్మ తోడికోడలు ఆదిశేషమ్మ ఎదురొచ్చింది.

"ఏం చెప్పినారయ్యా మా పేరమ్మకి? తీసి దాచుకున్న తాళిబొట్టు సముద్రంలో ఇసిరేసి వచ్చింది. పస్తులున్నా అమ్ముకోలేదే దాన్ని!"

మాల్యాద్రికి చెవులు భగ్గుమన్నాయి. బడి అట్లాగే వదిలేసి పేరమ్మ గుడిసెకు పోయాడు. ఆమె చేపలకు ఉప్పు పట్టిస్తోంది.

"పేరమ్మా, అది ఉత్త కథ. ఆ దేశంవాళ్ళే నమ్మడం మానేసి వందల ఏళ్ళయింది. గుమ్మం బయట నిలబెడుతుందన్నది నేను కల్పించింది."

ఆమె చెయ్యి ఆగింది. "ఎందుకు కల్పించినారు?"

"నవ్వుతారని."

"మా ఆయన అడుక్కునే మనిషి కాదయ్యా," అంది పేరమ్మ. చేతి ఉప్పు దులుపుకుని మళ్ళీ తనే అంది: "శానా దినాలకి రేత్రి నాకు నిద్ర పట్టింది. ఇప్పుడు దాన్ని గూడా తీసేసినారు."

తన గుండె బరువు దించుకుందామని వచ్చి ఆమెకున్న కాస్త నెమ్మదినీ లాగేశానని అప్పుడు అర్థమైంది అతనికి. ఏం చెయ్యాలో తోచక వేలి ఉంగరం తియ్యబోయాడు.

"అది నాకెందుకయ్యా? ఆ కథ మొత్తం చెప్పండి. నవ్వకుండా."

ఇసుకలో కూర్చున్నాడు. చెట్టు వేళ్ళు కొరికే మహాసర్పం గురించీ, దినమూ ఆ వేళ్ళకు నీళ్ళు పోసే ముగ్గురు ఆడవాళ్ళ గురించీ చెప్పాడు. చివరికి సముద్రంలోని ఆ పాము లేస్తుందనీ, సముద్రం భూమిని మింగేస్తుందనీ, ఆ తర్వాత భూమి మళ్ళీ పచ్చగా నీళ్ళలోంచి పైకొస్తుందనీ చెప్పాడు.

"మునిగినోళ్ళు గూడా లేస్తారా?"

లేస్తారనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"పుస్తకంలో లేదమ్మా," అన్నాడు.

పేరమ్మ తలూపి మళ్ళీ ఉప్పు అందుకుంది.

ఆ తర్వాత ఆమె బడి పంచకు రాలేదు. దారిలో కనబడితే మాత్రం, "బాగుండారా అయివోరా?" అని మామూలుగానే పలకరించేది. తల దించుకునేది మాల్యాద్రే. కథలు చెప్పడం మానలేదు గానీ, నోరు తెరిచే ముందు ఎవరెవరు కూర్చున్నారో ఒకసారి చూసుకునేవాడు. 1966లో ఇందుకూరుపేటకు బదిలీ అయింది. పాలెమంతా బండి దగ్గరికొచ్చి సాగనంపింది. ఆ గుంపులో పేరమ్మ ఉందో లేదో అతను చూడలేదు. తలెత్తితేగా.