నేను ఆమెన్ అనలేకపోయిన ప్రార్థన

ప్రభువునందు ప్రియ సహోదరులారా, సహోదరీలారా, కొన్నేళ్ళ క్రితం ఒక శనివారం నా ఎడమచెయ్యి అరచేతి నుంచి మోచేతి దాకా ఉబ్బిపోయింది, బయటికి కనబడే గాయం మాత్రం ఆవగింజంతే.

అప్పుడు మేము అరోరా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అప్పటి మా సంఘంలో పెద్ద ఒకాయన చెక్క అల్మారాల షాపు నడిపేవారు, నేను అన్నయ్యా అనే పిలిచేదాన్ని, పని ఇచ్చింది కూడా ఆయనే. తలుపుల మీద పొట్టు ఊదడానికి కంప్రెసర్‌కి తగిలించిన ఎయిర్ గన్ వాడేవాళ్ళం. ఆ రోజు దాని మీట బిగుసుకుపోయి గాలి ఆగలేదు, లాగబోతే దాని మూతి నా అరచేతిలో అంతకుముందే చెక్క పేడు గుచ్చుకున్న చోట ఆనింది, గాలి లోపలికి వెళ్ళిపోయింది. నొక్కితే చర్మం కింద పటపటమని సన్నని చప్పుడు.

అన్నయ్య మిగతావాళ్ళను భోజనానికి పంపేసి నన్ను ఆఫీస్‌లో కూర్చోబెట్టారు.

"గాలే కదా చెల్లెమ్మా, సాయంత్రానికి దిగిపోతుంది. ఎమర్జెన్సీకి వెళ్తే ఎక్కడ జరిగింది, ఎలా జరిగింది అంటారు, షాపుకి ఇన్‌స్పెక్షన్ అంటారు. ప్రార్థన చేసుకుందాం."

నా తల మీద చెయ్యి పెట్టి చక్కగా ప్రార్థించారు. నాకెందుకో మనసొప్పక కళ్ళు తెరిచాను. ఒక చెయ్యి నా తల మీదే ఉంది, ఇంకో చేత్తో ఆ ఎయిర్ గన్‌ని డ్రాయర్‌లో పెడుతున్నారు.

"ప్రభువా, ఈ ప్రార్థన నీదో కాదో నాకు తెలియదు, నాకు భయంగా ఉంది, నన్ను కాపాడు" అని లోపలే అనుకున్నాను. ఆమెన్ అనలేదు. ఇంటి దగ్గర డ్రాప్ చేస్తానన్నారు. వద్దన్నయ్యా అని బయటికొచ్చి మావారికి ఫోన్ చేశాను.

"పెద్దాయన ప్రార్థన చేశాక కూడా అనుమానమా?" అన్నారు మావారు డ్రైవ్ చేస్తూ.

"మీరే నొక్కి చూడండి."

రెడ్ లైట్ దగ్గర నొక్కి చూశారు. కారు హాస్పిటల్ వైపు తిప్పారు.

గాలితో పాటు కంప్రెసర్ నూనె కూడా లోపలికి వెళ్ళిందని, తెల్లారేదాకా ఆగితే చెయ్యి దక్కడం కష్టమయ్యేదని చెప్పి డాక్టర్ ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు.

మర్నాడు అన్నయ్య హాస్పిటల్‌కి పళ్ళు పట్టుకొచ్చారు. ఎలా ఉందని అడగలేదు.

"డాక్టర్‌తో ఏం చెప్పావు చెల్లెమ్మా?"

"జరిగింది చెప్పానన్నయ్యా."

పళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నా మీద ప్రేమతో వచ్చారో, భయంతో వచ్చారో నాకు ఈనాటికీ తెలియదు.

అనుమానం సాతానుది అంటారు. ఆనాటి నా అనుమానం మాత్రం దేవుడు పెట్టిందేనని నమ్ముతున్నాను, ఈ చెయ్యి నిలిపిన ఆయనకే మహిమ. ఎవరి మాట వినాలో తెలియక బాధపడుతున్నవాళ్ళు మీలో ఉంటే ఆయనను నమ్మండి, నమ్మి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కారు లేకపోతే నాకు చెప్పండి, నేను తీసుకెళ్తాను.